గిటారులో వైరు, గుంతలో ఉప్పు



ఈ శీర్షికలో ఇంతకుముందు కుట్టుమిషను, హార్మోనియము తిత్తి, బోరు మోటారు స్టార్టరు గూర్చి వ్రాశాము. గిటారు గూర్చి వ్రాయవలసి వస్తుందని మేము తలంచలేదు. అయితే ఇప్పుడు పల్లె సంఘములలో కూడ తబలా, తాళములతో పాటు కీబోర్డు, గిటారు కనబడుచున్నవి. యౌవనస్థులు ఆసక్తితో నేర్చుకొంటున్నారు. వాయిద్యము చెడిపోయినప్పుడు ఎవరి యొద్దకు వెళ్ళవలెనో తెలియక ఇబ్బంది పడుచున్నారు. అటువంటి ఒక సంఘము సంగతి ఈ నెల చెప్పుచున్నాము.

బద్వేలుకు దగ్గరలోని ఒక పల్లె నుండి ముగ్గురు మా యొద్దకు వచ్చారు. వారిలో ఒకరు సంఘ పెద్ద, ఒకరు స్త్రీల సమాజమును నడిపించే పెద్దమ్మ, మూడవవాడు గిటారు వాయించే తమ్ముడు. దుప్పటిలో చుట్టి ఎలక్ట్రిక్ గిటారును, దానితో పాటు ఒక చీటీని తెచ్చారు. ఆ చీటీ మీద ఒక పెద్ద పట్టణములోని దుకాణదారుడు ఒక వైరు పేరు, ధర వ్రాసియిచ్చాడు. విదేశీ వైరట. లోపల రాగికి వెండి పూత, పైన మైనము పట్టించిన నూలు గుడ్డ తొడుగు. గిటారు లోపల ఉన్న వైర్లన్నీ తీసివేసి ఇది వేస్తే మ్రోత పోయి, స్వరము గంటవలె వస్తుందని చెప్పాడట. ధర చూచి మేము కళ్ళద్దములు తుడుచుకొని మరల చూశాము.

“దుడ్లు ఎక్కడివమ్మా?” అని అడిగాము.

“పిడికెడు బియ్యం దుడ్లయ్యా,” అన్నది పెద్దమ్మ.

పిడికెడు బియ్యము సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. కూలికి పోయి వచ్చిన తల్లి ఎసరు పెట్టేటప్పుడు దేవుని కొరకు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అట్లు సంవత్సరమంతా కూడిన బియ్యము అమ్మిన సొమ్ము అది. వానలు సరిగా లేని సంవత్సరములో ఆ పిడికెడు ఎట్లు వచ్చునో వారికే తెలుసు. ఆ సొమ్ము మూడు జానల వైరు మీద పెట్టవచ్చునా లేదా అని తేల్చి చెప్పుమని మమ్మును అడిగారు.

గిటారు విప్పక ముందు, అందులో శబ్దము ఎట్లు పుట్టునో వారికి చెప్పాము. మీకును చెప్పెదము. అది తెలిస్తే వైరు సంగతి సగము తేలిపోతుంది.

ఈ విద్యకు మూలపురుషుడు మైకేల్ ఫారడే. ఈయన 1791లో ఇంగ్లండులో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. పుస్తకములు బైండు చేసేవాని యొద్ద పని నేర్చుకొంటూ, బైండుకు వచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైనాడు. లండనులోని సాండెమనీయులనే ఒక చిన్న క్రైస్తవ సంఘములో సభ్యుడు. 1840లో ఆ సంఘమునకు పెద్దగా నియమింపబడ్డాడు. 1831 ఆగస్టు 29న ఆయన ఒక ఇనుప కడియమునకు రెండు ప్రక్కల రాగి వైరు చుట్టి, ఒక చుట్టలో విద్యుత్తు పెట్టినప్పుడును తీసినప్పుడును రెండవ చుట్టలో కూడ విద్యుత్తు క్షణకాలము కదలుట చూచాడు. అదే సంవత్సరము అక్టోబరులో చుట్ట లోపల అయస్కాంతమును కదిలించి విద్యుత్తు పుట్టించాడు. ఆ రోజులలో తొడుగు గల వైరు దుకాణములో దొరికేది కాదు. వైరుకు వైరు తగలకుండ ఆయనే నూలు పురి చుట్టి, మధ్యలో కాలికో గుడ్డ పెట్టుకొన్నాడు. ఆ గుడ్డకు ఆ పేరు మన కాలికట్ రేవు నుండి వచ్చినదే. కాబట్టి చీటీలో వ్రాసిన నూలు తొడుగు వైరు క్రొత్త వింత ఏమీ కాదు, అన్నిటికంటె పాతది.

ఎలక్ట్రిక్ గిటారు తంతుల క్రింద ఉండే పికప్ అనేది ఫారడే చుట్టకు మనుమడు. అయస్కాంతము, దాని చుట్టు వైరు చుట్ట, అంతే. పైన ఉక్కు తంతి కంపించినప్పుడు అయస్కాంత బలము అటు ఇటు కదలుతుంది. చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానిని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. అందుకే ఈ గిటారుకు ఉక్కు తంతులే వేయవలెను. నైలాను తంతులు వేసి పలుకలేదని ఒకరు మమ్మును అడిగారు. అది పికప్ తప్పు కాదు.

ఈ విద్య మన తెలుగువారికి దూరమైనది కూడ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతము వాయించాడు. మామూలు మాండలిన్‌లో స్వరము పుట్టిన వెంటనే ఆరిపోతుంది, గమకము నిలువదు. ఆయన జంట తంతులు తీసి ఐదు ఒంటి తంతులు పెట్టుకొని, పికప్ సహాయముతో స్వరమును నిలిపాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసినప్పుడు తొమ్మిదేండ్ల బాలుడు. 2014లో చనిపోయేవరకు లోకమంతా తిరిగి వాయించాడు. ఎక్కడ వాయించినా లోపల ఉన్నది ఈ అయస్కాంతము, ఈ రాగి చుట్టయే.

ఇక లెక్కకు వద్దాము. ఒంటి చుట్ట పికప్‌లో సుమారు 8,000 చుట్లు ఉంటాయి. ఆ వైరు మందము మిల్లీమీటరులో పదహారవ వంతు, మన తలవెంట్రుక అంత. దానిపైన ఎనామిలు పూత తప్ప వేరే తొడుగు లేదు. ఆ చుట్ట విప్పి పరిస్తే ఒక కిలోమీటరుకు పైగా వస్తుంది! దాని నిరోధము సుమారు 6,000 ఓములు. పికప్ నుండి బయటకు వచ్చి, వాల్యూము, టోను కంట్రోళ్ళ మీదుగా ప్లగ్గు పెట్టే జాక్ వరకు పోయే వైరు ఎంత? మహా అయితే ఒక మీటరు. సాధారణమైన హుకప్ వైరుకు మీటరుకు నిరోధము ఒక ఓములో పదవ వంతు కూడ ఉండదు. అనగా చుట్టలోని నిరోధముతో పోలిస్తే సుమారు లక్షవ వంతు. రాగికంటె వెండి విద్యుత్తును బాగా పోనిస్తుంది, నిజమే. ఎంత బాగా? నూటికి ఆరు వంతులు. లక్షవ వంతులో ఆరు శాతము తగ్గితే ఏ చెవి పట్టగలదు?

సంఘ పెద్ద రైతు. ఆయన వెంటనే గ్రహించాడు. “కిలోమీటరు మట్టి కాలవలో వచ్చిన నీళ్ళకు చివర జానెడు వెండి గొట్టం పెట్టినట్లుండాది,” అన్నాడు. మేము ఇంత లెక్క చెప్పి కూడ అంత తేటగా చెప్పలేకపోయాము.

అయితే దుకాణదారుడు పూర్తిగా అబద్ధము చెప్పాడని మేము అనము. నూలు తొడుగు వైరుకు ఒక మంచి గుణము ఉన్నది. తొడుగును వేలితో వెనుకకు నెట్టి మాటు వేయవచ్చును, ఐరను వేడికి అది కరగదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణములో రేడియోలు బాగుచేసే దుకాణము నడిపిన లియో ఫెండర్ 1950 ప్రాంతములో గిటార్లు తయారు చేసినప్పుడు అందులో నూలు తొడుగు వైరే వాడాడు. ఆ రోజులలో రేడియోలలో అదే ఉండేది. స్వరము కొరకు వెదకి తెచ్చినది కాదు, చేతికి అందినది. (ఆయనకు గిటారు వాయించుట రాదు. అయినా లోకమంతా ఆయన గిటారు వాయిస్తున్నది!) తరువాత ప్లాస్టిక్ తొడుగు వచ్చింది. ఇప్పుడు పాత గిటార్ల మీద మోజుతో ఆ నూలు వైరుకు ధర పెరిగింది. మోజుకు ధర పెట్టుట ఎవరి ఇష్టము వారిది. పిడికెడు బియ్యపు సొమ్ముతో మాత్రము వద్దన్నాము.

తరువాత గిటారు విప్పాము. వెనుక మూత తీయగానే జబ్బు కనబడింది. ఎవరో ఇంతకుముందు బాగుచేసినవారు ఇంటి వైరింగుకు వాడే ఒంటి కడ్డీ వైరు వేశారు. అది బిరుసుగా ఉండి, మూత బిగించినప్పుడల్లా మాట్ల మీద ఒత్తిడి పెట్టింది. రెండు మాట్లు పైకి అతికినట్లే ఉన్నవి గాని వేలితో కదిలిస్తే ఊడి వచ్చాయి. ఆ మాట్ల చుట్టు పచ్చని చిలుము పట్టి ఉన్నది. జాక్‌కు పోయే వైరుకు జల్లెడ తొడుగు లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, తంతులు ఆనుకొనే బ్రిడ్జికి లోపలి నుండి పోవలసిన గ్రౌండు వైరు తెగిపోయి ఉన్నది.

పచ్చని చిలుము చూచి మాకు మా తప్పే జ్ఞాపకము వచ్చింది. మేము పని నేర్చుకొనే రోజులలో బిందెలకు మాట్లు వేసేవారి ఆసిడు వాడి ఒక రేడియోకు మాట్లు వేశాము. ఆ రోజు మాటు మెరిసిపోయింది. ఆరు నెలలలో వైరంతా తినివేసింది. రేడియో యజమానికి మేమే డబ్బు తిరిగి ఇచ్చుకొన్నాము. గిటారులో గాని, రేడియోలో గాని రోజిన్ ఉన్న సీసపు తీగ తప్ప ఆసిడు ముట్టరాదు.

ఇక ఏ వైరు కొనవలెను? బద్వేలు బజారులోనో, కడపలోనో, ప్రొద్దుటూరులోనో రేడియో, టీవీ సామాను అమ్మే దుకాణములో 14/36 ఫ్లెక్సిబుల్ వైరు అని అడుగుడి. అనగా 36వ నంబరు సన్న పోగులు 14 కలిపి పేనినది. అది మెత్తగా వంగుతుంది, కదలికకు తెగదు. చోటు తక్కువైతే 7/36 అయినా చాలును. టెలిఫోను వైరు కూడ విద్యుత్తు విషయములో పనికి వస్తుంది గాని, ఒంటి కడ్డీ గనుక నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. తొడుగు చెక్కేటప్పుడు బ్లేడు గాటు పడితే రెండుసార్లకే విరుగుతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని చవక వైర్లు పైకి రాగి, లోపల అల్యూమినియము. ఒక పోగును బ్లేడుతో గీరి చూడుడి. తెల్లగా కనబడితే వద్దనుడి. అది మాటును సరిగా పట్టదు. మంచి రాగి ఎంత గీరినా ఎఱ్ఱగానే ఉంటుంది. రంగులు రెండు తీసికొనుడి, గ్రౌండుకు ఒకటి, స్వరము పోయే వైరుకు ఒకటి. తరువాత విప్పినవాడు మిమ్మును దీవిస్తాడు.

పికప్ నుండి కంట్రోళ్ళకు, అక్కడ నుండి జాక్‌కు పోయే వైరుకు మాత్రము షీల్డు వైరు వేయవలెను. మధ్యలో ఒక వైరు, దాని చుట్టు సన్నని రాగి జల్లెడ. ఆ జల్లెడను గ్రౌండుకు కలుపవలెను. మనము 230 వోల్టుల విద్యుత్తు మధ్య నివసిస్తున్నాము. అది సెకనుకు 50 సార్లు అటు ఇటు ఊగుతుంది. గోడలోని వైర్లు, ట్యూబులైటు చోకు, ఫోను చార్జరు ఆ ఊపును గాలిలోనికి వదలుతాయి. గిటారులోని సన్నని స్వరపు వైరు దానిని పట్టుకొంటే బుయ్ మని మ్రోత వస్తుంది. రాగి జల్లెడ దానిని మధ్యలోనే పట్టి గ్రౌండుకు పంపుతుంది. వెండి పూత ఈ పని చేయలేదు.

పికప్ చుట్టలోనికే అయస్కాంత రూపముగా వచ్చే మ్రోత ఇంకొకటి ఉన్నది. దానిని షీల్డు వైరు ఆపలేదు. 1955లో అమెరికాలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, ఒకదాని మ్రోతను రెండవది కొట్టివేసేటట్లు చేశాడు. జంట చుట్ట పికప్ ఉన్న గిటార్లు అందుకే నిశ్శబ్దముగా ఉంటాయి. ఒంటి చుట్ట గిటారు ఉన్నవారు ట్యూబులైటుకు, ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరుకు నాలుగడుగులు దూరముగా నిలిచి, కొద్దిగా ప్రక్కకు తిరిగి చూడుడి. ఖర్చు లేని వైద్యము.

గిటారు విప్పకుండానే జబ్బు ఎక్కడున్నదో తెలిసికొనుటకు ఒక ఉపాయము. మ్రోత వచ్చుచుండగా తంతులను చేతితో ముట్టుడి. (ఈ పరీక్షకు ముందు క్రింద వ్రాసిన ఎర్తు సంగతి చదువుడి.) మ్రోత తగ్గితే బ్రిడ్జి గ్రౌండు వైరు బాగున్నదని, లోపల షీల్డు చాలలేదని అర్థము. ఏ మార్పు లేకపోతే ఆ గ్రౌండు వైరు తెగియుండవచ్చును. ముట్టగానే మ్రోత పెరిగితే జాక్ దగ్గర వైర్లు తారుమారైనవేమో చూడవలెను.

మాటు సంగతి కూడ ఒక మాట. 60/40 రోజిన్ సీసము, 25 వాట్ల ఐరను చాలును. కంట్రోలు డబ్బీ వీపు మీద గ్రౌండు మాటు వేయుటకు మాత్రము కొంచెము పెద్ద ఐరను తీసికొని త్వరగా ముగించవలెను. చిన్న ఐరనుతో నిమిషములకొద్ది కాల్చితే డబ్బీ లోపలి కార్బను పాడై కటకట మొదలవుతుంది. ముందు వైరును వేడిచేసి, వేడి వైరుకు సీసము తగిలించుడి. సీసమును ఐరను మీద కరిగించి వైరు మీద పూయవద్దు. మాటు మెరుస్తూ ఉండవలెను, బూడిద రంగు గుగ్గిళ్ళవలె ఉంటే మరల చేయవలెను. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనక అన్నము ముట్టవద్దు. పసిపిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ పొగ దగ్గరకు రానియ్యవద్దు.

గిటారు నుండి ఆంప్లిఫయరుకు పోయే బయటి కేబులు గూర్చి క్లుప్తముగా. అది పొడవైనకొద్దీ పై స్వరములు మందగిస్తాయి. కారణము నిరోధము కాదు, మధ్య వైరుకు, జల్లెడకు మధ్యనున్న కెపాసిటీ. ఐదారు మీటర్లు చాలును. మందిరము వెనుక గోడ వరకు పోయేటంత కేబులు కొని, సగము చుట్టిపెట్టి వాయించవద్దు. వైరు మీద డబ్బు పెట్టదలచినవారు లోపలి వైరు మీద కాక, ఈ కేబులు మీద, దాని రెండు ప్లగ్గుల మీద పెట్టితే కొంత ప్రయోజనము ఉన్నది.

మా పని ఆ సాయంకాలమునకు ముగిసింది. లోపలికి పట్టిన వైరు మొత్తము రెండు మూరలు. దాని ఖరీదు, ఆ ముగ్గురు వచ్చిన బస్సు చార్జీ కంటె తక్కువ. గిటారు మా బల్ల మీద నిమ్మళముగా పలికింది. పెద్దమ్మ సొమ్ము మూట మరల కొంగున ముడివేసికొన్నది. దుప్పటి చుట్టుతూ ఆ తమ్ముడు, ఏదో జ్ఞాపకము వచ్చినట్లు అన్నాడు:

“ఇంగొకటి నా. గిటారు పట్టుకోని మైకుకాడ నోరు పెడితే పెదిమలకు చురుక్కుమంటాది. అది మామూలే గదా?”

మామూలు కాదు. మేము వారిని మరల కూర్చుండబెట్టాము.

గిటారు తంతులు బ్రిడ్జి ద్వారా, గ్రౌండు వైరు ద్వారా, కేబులు జల్లెడ ద్వారా ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకు కలిసియుంటాయి. అట్లే ఉండవలెను కూడ. ఆ పెట్టె ఎర్తుకు కలిసియున్నంతకాలము క్షేమమే. ఎర్తు లేకపోతే, పెట్టెలో కారే విద్యుత్తు తంతుల మీదికి, అక్కడనుండి వాయించేవాని వ్రేళ్ళ మీదికి వస్తుంది. మైకు వేరే ఆంప్లిఫయరుకు, వేరే లైనుకు తగిలించి ఉంటుంది. రెండింటి మధ్య వంతెన ఆ బిడ్డ శరీరమే. చురుక్కుమన్నంతవరకు అది కారే విద్యుత్తు. లోపల ఏదైన ఇన్సులేషను పోయిన రోజు 230 వోల్టులు నేరుగా వస్తాయి. 1972 మే 3న వేల్స్ దేశములోని స్వాన్సీ పట్టణములో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు వేదిక మీద గిటారుతో నిలిచి, ఎర్తు సరిగా లేని మైకును ముట్టి అక్కడనే మరణించాడు. వయస్సు 27. 1976లో కీత్ రెల్ఫ్ అనే గాయకుడు ఇంటిలోనే ఎర్తు సరిగా లేని గిటారు వాయించుచు చనిపోయాడు. వయస్సు 33. ఇవి ధనిక దేశములో, పేరు పొందిన వారికి జరిగిన సంగతులు.

మరుసటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేము ఆ పల్లెకు వెళ్ళాము. మందిరములో బోర్డుకు మూడు రంధ్రములు ఉన్నవి గాని ఎర్తు రంధ్రము వెనుక వైరే లేదు. ఆంప్లిఫయరుకు ప్లగ్గు లేదు, రెండు వైర్లు చెక్కి అగ్గిపుల్లలతో బిగించారు. మైకు ఆంప్లిఫయరు ప్రక్క ఇంటినుండి లాగిన లైను మీద ఉన్నది. తంతికి, మైకు జాలీకి మధ్య మీటరు పెట్టితే నూరు వోల్టులకు పైగా చూపింది. ఇటువంటి చేతి మీటరు కొద్దిపాటి కారుడును కూడ పెద్దది చేసి చూపుతుంది, నిజమే. అయినా అక్కడున్నవారికి ఆ సంఖ్య చాలినది. తమ్ముని తల్లి గోడకు చేరగిలబడి కూర్చున్నది.

అప్పుడు మేము చెప్పినది ఇది. గిటారు లోపలి వైరు కొరకు తెచ్చిన సొమ్ముతో ఎర్తు గుంత వేయించుడి.

“పాటకు గుంతేందప్పా?” అన్నాడు ఒక ముసలాయన. అందరూ నవ్వారు. ఇంకొక పెద్ద, అది వాయిద్యమునకు ఇచ్చిన సొమ్ము, భూమిలో పూడ్చుట సరికాదన్నాడు. కొంతసేపు వాదన జరిగింది. పాస్టరు అయ్యగారు ఎవరినీ గద్దించలేదు. స్త్రీల వైపు చూచి, “సొమ్ము మీది, మీరు చెప్పండమ్మా,” అన్నారు. పెద్దమ్మ లేచి, “మా బిడ్డ నోరు కాలకుండా ఉండేదానికి గాకపోతే ఇంగ దేనికయ్యా?” అన్నది. వాదన అక్కడితో ఆగింది.

గుంతను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే వేయించాము. రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు నిలువుగా దించి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి, పైన నీళ్ళు పోయుటకు గరాటు పెట్టి, చిన్న తొట్టి కట్టారు. అక్కడనుండి బోర్డు వరకు మందమైన వైరు లాగారు. సంఘములు వైరు మీద ధారాళముగా ఖర్చు పెట్టవలసిన స్థలము ఇదే. ఇక్కడ సన్న వైరు పనికిరాదు, అతుకులు పనికిరావు. ఖర్చు తగ్గించుటకు కొందరు బోర్డులో న్యూట్రలునే ఎర్తు రంధ్రమునకు కలుపుతారు. అది ఎర్తు లేకపోవుట కంటె ప్రమాదము. న్యూట్రలు ఎక్కడైన తెగితే ఆంప్లిఫయరు పెట్టె, మైకు, తంతులు అన్నీ ఒక్కసారే కరెంటు పట్టుకొంటాయి.

మా వైపు నేల ఎండు నేల. ఏప్రిల్, మే నెలలలో గుంత ఎండిపోతే ఎర్తు పేరుకే ఉంటుంది. ఎండిన మట్టిలో విద్యుత్తు పోదు, ఫ్యూజు కూడ పోదు. అందుచేత గుంత ఒక్కటే చాలదని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించాము. విద్యుత్తు మనిషి ద్వారా నేలకు పోవుటకు మొదలు పెట్టగానే రెప్పపాటులో అది లైను ఆపివేస్తుంది. దాని మీద ‘టి’ అని ఒక మీట ఉంటుంది. నెలకు ఒకసారి నొక్కి చూడవలెను. నొక్కితే ఆగకపోతే మార్చవలెను. ఇక గిటారు, కీబోర్డు, మైకు ఆంప్లిఫయర్లన్నీ ఒకే బోర్డు నుండి, మూడు పిన్నుల ప్లగ్గులతో తీసికొనేటట్లు చేశాము. ప్రక్క ఇంటి లైను తీసివేశాము. బయట పందిరి వేసి కూటములు జరిపేటప్పుడు కూడ ఇదే ఏర్పాటు ఉండవలెను. జనరేటరు తెచ్చినప్పుడు దాని శరీరమునకు ఎర్తు ఉన్నదో లేదో అడగక వాయిద్యములు తగిలించవద్దు. నేల తడిగా ఉంటే చెప్పులు వేసికొని వాయించుడి. వేదిక మీద చెప్పులు వేయరాదనే సంఘములు ఎండిన చెక్క పలక మీద నిలువబెట్టవచ్చును.

అన్నీ ముగిసిన తరువాత తంతికి, మైకుకు మధ్య మరల మీటరు పెట్టాము. ఒక వోల్టు కూడ లేదు. తమ్ముడు మైకు దగ్గర నోరు పెట్టుటకు మొదట భయపడ్డాడు. తల్లి చూస్తుండగా పెట్టాడు. ఏమీ కాలేదు.

అన్ని ఖర్చులు పోగా మిగిలిన కొద్ది సొమ్ముతో రెండు మంచి ప్లగ్గులు కొని కేబులుకు వేశాము. గుంతకు నీళ్ళు పోసే పని ఆదివారపు బడి పిల్లలకు అప్పగించారు. వేసవిలో శనివారము శనివారము రెండు బిందెలు. మొన్న ఆ దారిన పోవుచు ఆగి చూశాము. మే నెల ఎండలో చుట్టుప్రక్కల నేలంతా నెఱ్ఱెలు విచ్చియున్నది, తొట్టి మాత్రము తడిగానే ఉన్నది. గిటారు మొదటి తంతి తెగియున్నది. దానికి మా యొద్ద మాటు లేదు, క్రొత్త తంతి కొనవలసినదేనని చెప్పి వచ్చాము.